రెండో కాన్పు తర్వాత ఆపరేషన్: ఒక అలవాటు చరిత్ర

1977 మార్చిలో లోక్‌సభ ఎన్నికల ఫలితాలు వచ్చేసరికి ఉత్తరాదిలో కాంగ్రెస్ ఊడ్చుకుపోయింది. ఉత్తరప్రదేశ్‌లో 85 సీట్లుంటే ఒక్కటీ దక్కలేదు. బీహార్‌లో 54 ఉంటే అక్కడా సున్నాయే. ఎమర్జెన్సీ కాలపు బలవంతపు వేసెక్టమీలే కొంప ముంచాయని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటున్నారు. అందులో చాలా నిజముంది. కానీ అదే ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే వచ్చాయి. మిగిలిన ఒక్కటి నంద్యాల. అక్కడ గెలిచింది నీలం సంజీవరెడ్డి. పోనీ ఇక్కడ ఆపరేషన్లు జరగలేదా అంటే, అదేమీ కాదు. 1976-77లో రాష్ట్రానికి పెట్టిన లక్ష్యం 4 లక్షలు; చేసినవి 7 లక్షల 40 వేల పైచిలుకు. లక్ష్యానికి దాదాపు రెట్టింపు. ఓటరు మాత్రం ఆ సంగతి మనసులో పెట్టుకున్నట్టు కనబడదు.

ఈ తేడాకు మామూలుగా చెప్పే కారణాలు తెలిసినవే. ఇక్కడ పోలీసు జులుం ఉత్తరాదిలో ఉన్నంత లేదు, ప్రతిపక్షానికి బలం లేదు, ఇందిరమ్మ మీద పేదలకు నమ్మకం సడలలేదు. ఇవన్నీ ఒప్పుకోదగ్గవే. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది ఆ తర్వాత జరిగినది. అక్కడ జనం తిరగబడ్డారు కాబట్టి కుటుంబ నియంత్రణ సిబ్బంది చాలా ఏళ్లపాటు ఊళ్లలో మొహం చూపించలేకపోయారు. ఇక్కడ ఎవరూ తిరగబడలేదు కాబట్టి ఆ యంత్రాంగం చెక్కుచెదరకుండా నిలిచింది, మగవాళ్లను వదిలి ఆడవాళ్ల వైపు మళ్లింది, నలభై ఏళ్లు పనిచేసింది. ఇవాళ తెలుగు పల్లెల్లో రెండో కాన్పు కాగానే ఆపరేషన్ అనేది బిడ్డకు పుట్టువెంట్రుకలు తీయించినంత మామూలు వ్యవహారం. పేద దేశాల జనాభా విధానాల్లోని న్యాయాన్యాయాలు చర్చించేవాళ్లు ఎమర్జెన్సీ దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆపేస్తారు. బలవంతం అంటే వ్యానూ లాఠీ అనుకోవడంతో వచ్చిన చిక్కు ఇది. ఆపరేషన్ బల్ల దాకా వచ్చిన ఆడది ‘వద్దు’ అనగలదా అన్నది ఒక్కటే ప్రశ్న కాదు. ‘ఇప్పుడే వద్దు’ అనగలదా, ‘ఇలా కాదు, ఇంకోలా’ అనగలదా అని కూడా అడగాలి. ఆ రెండు ప్రశ్నలూ పెట్టి చూస్తే, విజయగాథగా చెప్పుకునే మన చరిత్ర అంత తీరుగా కనబడదు.

మొదటి నుంచీ ఈ ఆలోచనను మోసినవాళ్లు ఎవరో చూడాలి. మద్రాసులో 1928 ప్రాంతంలో నియో మాల్తూసియన్ లీగ్ ఏర్పడింది. అందులో ముందున్నవారిలో హైకోర్టు న్యాయమూర్తిగా చేసిన మన సర్ వేపా రామేశం ఒకరు. సభ్యులు ఎక్కువగా చదువుకున్న, స్థితిపరులైన, పైకులాల మగవాళ్లు. దేశంలో తిండికి మించి జనం పెరుగుతున్నారన్నది వాళ్ల బెంగ. ఆ పెరుగుతున్న జనంలో తాము లేరని కూడా వాళ్ల నమ్మకం. అదే కాలంలో, అదే రాష్ట్రంలో పెరియార్ గర్భనిరోధాన్ని పూర్తిగా వేరే కారణంతో సమర్థించారు. దేశ దారిద్ర్యం కోసమో, తల్లి ఆరోగ్యం కోసమో కాదు, ఆడది స్వతంత్రంగా బతకడం కోసం అది కావాలన్నారు. 1935 డిసెంబరులో అమెరికా నుంచి వచ్చిన గర్భనిరోధ ఉద్యమకారిణి మార్గరెట్ సాంగర్ వార్ధాలో గాంధీని కలిసి ఒప్పించబోతే, ఆయన నిగ్రహమే మందన్నారు. మూడు దారులు అప్పటికే విడివిడిగా కనబడుతున్నాయి: జనం లెక్క, స్త్రీ స్వేచ్ఛ, ఇంద్రియ నిగ్రహం. స్వతంత్రం వచ్చాక ప్రభుత్వం కొన్నాళ్లు మూడోదానితో మొహమాటపడి మొదటిదాన్ని ఎంచుకుంది. రెండోదాన్ని ఎవరూ గుమ్మం తొక్కనివ్వలేదు.

1952లో ప్రభుత్వ స్థాయిలో కుటుంబ నియంత్రణ మొదలుపెట్టిన మొదటి దేశం మనదే. తొలి పంచవర్ష ప్రణాళికలో దానికి కేటాయించింది 65 లక్షల రూపాయలు. గాంధీ శిష్యురాలైన ఆరోగ్య మంత్రి రాజకుమారి అమృత్ కౌర్ సురక్షిత దినాల పద్ధతికే మొగ్గడంతో, రోజులు లెక్కపెట్టుకోవడానికి ఆడవాళ్లకు రంగు పూసల దండలు పంచి చూశారు. అది సాగలేదు. అసలు మలుపు ఇంకోచోట ఉంది. 1951 జనాభా లెక్కల కమిషనర్ ఆర్.ఏ. గోపాలస్వామి, మూడు దాటి నాలుగో కాన్పు నుంచి పుట్టే పిల్లలందరినీ దూరదృష్టి లేని మాతృత్వం కింద లెక్కగట్టారు. తర్వాత ఆయన మద్రాసు రాష్ట్ర ప్రధాన కార్యదర్శి అయ్యారు. 1950ల రెండో సగంలో ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకూ, వాళ్లను వెంటబెట్టుకొచ్చినవాళ్లకూ డబ్బులివ్వడంలో మద్రాసు రాష్ట్రం దేశానికే దారి చూపింది. తీసుకొచ్చిన మనిషికి తలకింత అని ముట్టచెప్పడం అక్కడ మొదలై దేశమంతా పాకింది. లెక్కలు చూసే అధికారి చేతికి పాలన వస్తే ఏమవుతుందో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

పేదలు పిల్లల్ని ఎందుకు కంటున్నారని అడిగిన పెద్దమనుషులు తక్కువ. 1950ల్లో హార్వర్డ్ పరిశోధకులు పంజాబులోని ఖన్నా దగ్గర కొన్ని ఊళ్లలో ఏళ్ల తరబడి గర్భనిరోధక మాత్రలు పంచారు. ఊళ్లవాళ్లు కాదనకుండా తీసుకున్నారు. జననాల రేటులో మాత్రం ఆశించిన తేడా రాలేదు. తర్వాత మహమూద్ మమ్దానీ అనే పరిశోధకుడు ఆ ఊళ్లలో ఒకటైన మనుపూర్‌కు వెళ్లి ఆరా తీస్తే, ఇంటికొచ్చినవాళ్ల మనసు నొప్పించడం ఎందుకని తీసుకున్నామన్నారు. ఒకతను ఆ మాత్రల డబ్బాలనూ సీసాలనూ ఒకదాని మీదొకటి పేర్చి ఇంట్లో బొమ్మలా కట్టిపెట్టుకున్నాడు. ట్రాక్టర్ లేని రైతుకు కొడుకులే కూలీలు, కొడుకులే పింఛను. పిల్లలు ఎక్కువై పేదలయ్యారన్నది పరిశోధకుల లెక్క. పేదవాళ్లం కాబట్టే పిల్లలు కావాలన్నది ఊరి లెక్క. 1972లో వచ్చిన మమ్దానీ పుస్తకం మీద విమర్శలు లేకపోలేదు. ఆ జిల్లాలోనే తర్వాత కాన్పులు తగ్గాయి, చిన్న కుటుంబం కోరుకునే పేదలు అప్పుడూ ఉన్నారు. ఆ మాటా నిజమే. అయినా ఆ డబ్బాల బొమ్మ చెప్పేది ఒకటుంది. ఎదుటి మనిషి అవసరం కనుక్కోకుండా ఇచ్చినదాన్ని పేదవాడు కాదనడు, వాడడు.

1965 తర్వాత కనుక్కునే ఓపిక కూడా పోయింది. వరుసగా రెండేళ్లు వానలు లేవు. అమెరికా అధ్యక్షుడు జాన్సన్ గోధుమ ఓడలను మనకు కొద్దికొద్దిగా, గొంతు తడిసేంత మేరకే వదిలాడు. వ్యవసాయ విధానం మారాలన్న షరతు పక్కన జనాభా తగ్గింపు ఒత్తిడి కూడా కూర్చుంది. జనాభా నియంత్రణ మీద పెట్టే 5 డాలర్లు అభివృద్ధి మీద పెట్టే 100 డాలర్లతో సమానమని ఆయన 1965లో ఐక్యరాజ్యసమితి సభలోనే చెప్పాడు. అదే ఏడు గర్భసంచిలో పెట్టే లూపు వచ్చింది. మొదట్లో లక్షల్లో వేశారు. రక్తం పోతోంది, నడుం నొప్పి అని వచ్చిన ఆడదాన్ని మళ్లీ చూసే డాక్టర్ లేడు, తీసే నర్సు లేదు. రెండు మూడేళ్లలో లూపు పేరెత్తితే ఊళ్లు బెదిరిపోయాయి. 1966 నుంచి ఏ పద్ధతి కింద ఎంతమంది అని రాష్ట్రాలకు లక్ష్యాలు వేయడం మొదలైంది. ఢిల్లీ రాష్ట్రానికి, రాష్ట్రం జిల్లాకు, జిల్లా బ్లాకుకు, బ్లాకు ఊరి నర్సమ్మకు పంచింది. తర్వాత తర్వాత బడి పంతులుకీ, కరణానికీ, గ్రామసేవకుడికీ కూడా వాటా వచ్చింది. నెలాఖరు సమీక్షలో అడిగేది ఒక్కటే: ఎన్ని కేసులు తెచ్చావు? ఆ కేసుకు తర్వాత జ్వరం వచ్చిందా, కుట్టు చీము పట్టిందా అన్న గడి ఆ కాగితంలో లేదు. లక్ష్యం తప్పితే జీతం ఆగే మనిషికి ఎదుటివాడి ఇష్టాయిష్టాలు వినే తీరిక ఎక్కడిది? ఆ నర్సమ్మ చెడ్డదని నేననను. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు, ఈ ఏర్పాటులో ఏ ఒక్కరూ బలవంతం చేసినట్టు ఉండదు. చివరి మనిషికి మాత్రం దారి మూసుకుపోతుంది.

డబ్బు సంగతి కూడా చూద్దాం. 1971 జులైలో కేరళలోని ఎర్నాకుళంలో కలెక్టర్ ఎస్. కృష్ణకుమార్ ఒక పండుగలాంటి శిబిరం పెట్టి నెలరోజుల్లో 63 వేలకు పైగా వేసెక్టమీలు చేయించారు. నగదు ఇచ్చారు, బట్టలూ తిండి సరుకులూ ఇచ్చారు. అక్కడ లాఠీ లేదు, డప్పులే ఉన్నాయి. దేశమంతా భేష్ అంది, నకలు చేయబోయింది. ప్రోత్సాహకం తప్పెలా అవుతుందని అడుగుతారు. వద్దంటే తీసుకోకపోతే సరి కదా అంటారు. కడుపు నిండిన ఇంట్లో అది నిజం. కరువు నెలల్లో, కూలి దొరకని రోజుల్లో ఒక కుటుంబానికి కొన్ని వారాల తిండి ఎదురుగా పెట్టి, బదులుగా తిరిగిరానిది ఇమ్మనడం వేరు. పిల్లలు బతుకుతారో లేదో తెలియని చోట, కలరా వస్తే ఇద్దరు కొడుకులూ పోవచ్చునన్న చోట, ఆ బేరంలో నష్టం ఎవరిదో చెప్పనక్కర్లేదు. డబ్బు ఇవ్వడమే తప్పని నా వాదన కాదు. మందుకో, బస్సు చార్జీకో, పోయిన కూలికో ఇచ్చే డబ్బు న్యాయమే. తిరిగి మార్చుకోలేని నిర్ణయానికి ఆకలిని తూకం వేయడమే అన్యాయం.

ఎమర్జెన్సీ దీన్నంతా పరాకాష్ఠకు తీసుకెళ్లింది తప్ప కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. 1974లో బుకారెస్ట్ ప్రపంచ జనాభా సదస్సులో, అభివృద్ధే అన్నిటికన్నా మంచి గర్భనిరోధకమని మన దేశం తరఫున చెప్పిన ఆరోగ్య మంత్రి కరణ్ సింగే 1976 ఏప్రిల్ 16న జాతీయ జనాభా విధానం ప్రకటించారు. చదువూ అభివృద్ధీ వచ్చి కాన్పులు తగ్గేదాకా కూర్చోలేమన్నారు. ఇద్దరు పిల్లలుండగా ఆపరేషన్ చేయించుకుంటే 150 రూపాయలు, ముగ్గురుంటే 100, నలుగురు, ఆ పైన ఉంటే 70. రాష్ట్ర ప్రణాళికలకు కేంద్రమిచ్చే సాయంలో 8 శాతాన్ని కుటుంబ నియంత్రణ పనితీరుకు ముడిపెట్టారు. ఆ ఏడు దేశంలో 82 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి, అందులో 62 లక్షలు మగవాళ్లవి. వాటికి సంబంధించి 1,774 మరణాలపై ఫిర్యాదులు వచ్చినట్టు, ఎమర్జెన్సీ అత్యాచారాలను విచారించిన షా కమిషన్ నమోదు చేసింది. పెళ్లికానివాళ్లకు చేశారన్న ఫిర్యాదులు మరో 548. మరుసటి ఏడు, ప్రభుత్వం మారాక, ఆపరేషన్లు 10 లక్షల లోపుకు పడిపోయాయి. మగవాళ్లవి 2 లక్షలు కూడా లేవు. అదరగొట్టి తెచ్చిన అంకె అంత వేగంగానూ కరిగిపోయింది. బలవంతం చెడ్డదైనా పనిచేస్తుందని ఇప్పటికీ వాదించేవాళ్లు ఈ రెండేళ్ల అంకెలను పక్కపక్కన పెట్టుకోవాలి.

మగవాడి కోపం ఓటు రూపంలో ఢిల్లీని కూల్చింది. దానినుంచి ప్రభుత్వాలు నేర్చుకున్న పాఠం మగవాడి జోలికి పోవద్దని. పథకం పేరు కుటుంబ సంక్షేమంగా మారింది, లక్ష్యాలు పోలేదు, వాటిని నింపే శరీరాలు మారాయి. నిజానికి వేసెక్టమీ చిన్న పని. పొట్టలోకి పోనక్కర్లేదు, పూర్తి మత్తు అక్కర్లేదు. ఇప్పుడు కోత, కుట్టు లేకుండా కూడా చేస్తున్నారు. ట్యూబెక్టమీ అంతకన్నా పెద్దది, ప్రమాదమూ ఎక్కువే. అయినా దాదాపు యాభై ఏళ్లుగా బరువంతా ఆమె మీదే. మగవాడికి బలం తగ్గుతుంది, కూలికి పోలేడన్న మాట ఇంట్లో అత్తగారూ అంటుంది, ఆసుపత్రిలో సిబ్బందీ కాదనరు. 1980ల్లో లాపరోస్కోపీ వచ్చాక క్యాంపుల వేగం పెరిగింది. మన ఊళ్లలో డీపీఎల్ ఆపరేషన్ అని పిలిచేది అదే. క్యాంపు రోజు తెల్లవారకముందే ఏమీ తినకుండా ఆడవాళ్లు వస్తారు, చంకలో పసిబిడ్డ, వెంట అమ్మో అత్తో. పేర్లు రాస్తారు, రక్తం, మూత్రం చూస్తారు, మత్తు సూది వేసి వరుసలో కూర్చోబెడతారు. తల కిందికీ కాళ్లు పైకీ ఉండేలా బల్ల వంచుతారు. కొద్ది నిమిషాల పని. అయ్యాక నేల మీద పరుపో, చాపో వేసి వరుసగా పడుకోబెడతారు. సాయంత్రానికి ఆటో ఎక్కించి పంపేస్తారు. ఇదంతా నైపుణ్యంతో, శుభ్రంగా జరిగితే మంచి సేవే. ఒక్కరోజులో ఎంతమందికి చేశామన్నది గొప్పగా మారినప్పుడు శుభ్రత మొదట జారిపోతుంది. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒకే డాక్టర్ కొన్ని గంటల్లో 83 మందికి చేశాడు. పదిమందికి పైగా చనిపోయారు. మూడేళ్లలో ఇలాంటి క్యాంపులు ఆపాలని 2016లో దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ గడువు దాటాక, 2022 ఆగస్టులో హైదరాబాద్ దగ్గరి మన ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి డీపీఎల్ చేశారు. నలుగురు తల్లులు చనిపోయారు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది, దాన్ని దాటవేయకూడదు. ఆంధ్రప్రదేశ్ అద్భుతం చేసింది కదా అంటారు. 1991లో రాష్ట్రంలో ఆడవాళ్ల అక్షరాస్యత 33 శాతం కూడా లేదు. అయినా 1992-93 కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి సగటున ఒక మహిళకు పిల్లలు 2.6. 2005-06 నాటికి అది 1.8కి దిగింది. కేరళలో చదువు, ఆలస్యపు పెళ్లి, ఆసుపత్రులు చేసిన పనిని ఇక్కడ చదువు రాకుండానే ప్రభుత్వ యంత్రాంగం చేసి చూపించింది. 1997లో రాష్ట్రం సొంత జనాభా విధానం ప్రకటించుకుంది. జనాభా తగ్గించిన చోటికి బడి భవనాలు, పనులు, నిధులు. ఆపరేషన్ చేయించుకున్న జంటలకు ఇళ్ల స్థలాల్లో, పథకాల్లో ముందు వరుస. అంతకు ముందే 1996లో కేంద్రం లక్ష్యాలు రద్దు చేసింది కదా అంటే, పేరు మార్చుకుని అంచనాలుగా అవి తిరిగొచ్చాయి. ఫలితం వచ్చింది, ఎవరినీ వ్యాను ఎక్కించలేదు, ఇంకేం కావాలన్నది ప్రశ్న. దీనికి తోడు మరో మాట: ఆడవాళ్లే అడిగి చేయించుకున్నారు. ఇది నిజం. మన పల్లెల్లో వేలమంది కోడళ్లు మొగుణ్నీ అత్తనూ ఒప్పించి, కొన్నిసార్లు చెప్పకుండా పుట్టింటికి పోయి, ఆపరేషన్ చేయించుకున్నారు. మాటిమాటికీ కాన్పు భయం లేకుండా బతకాలన్న కోరికను ఎవరూ వాళ్ల నెత్తిన రుద్దలేదు. ఆ కోరికను మేధావులు తక్కువ చేయకూడదు.

అయితే ఆ కోరికకు ప్రభుత్వం చూపిన తలుపు ఒక్కటే. 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లైన ఆడవాళ్లలో 69.6 శాతం ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు, దేశంలోనే ఎక్కువ. తెలంగాణలో దాదాపు 62 శాతం. దేశ సగటు 38 లోపే. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రలు, కాపర్-టీ, నిరోధ్ అన్నీ కలిపినా 2 శాతం చేరవు. అదే సర్వేలో 20 నుంచి 24 ఏళ్ల వాళ్లలో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లి అయింది. రెండూ కలిపి చదివితే అసలు బొమ్మ తెలుస్తుంది. పదిహేడుకు పెళ్లి, ఇరవై రెండు దాటేసరికి ఇద్దరు పిల్లలు, ఇరవై మూడు దరిదాపుల్లో ఆపరేషన్. పెళ్లి ఆలస్యం చేసి, మొదటి కాన్పు వాయిదా వేసి, రెంటి మధ్య నాలుగేళ్లు ఎడం పెట్టుకునే వీలు ఈ వరుసలో ఎక్కడా లేదు. బిడ్డ పోతే, భర్త పోయి మళ్లీ పెళ్లి చేసుకుంటే, వెనక్కి వచ్చే దారి కూడా లేదు. కాన్పులు లెక్కపెట్టిన ప్రభుత్వానికి కాన్పులు తగ్గాయి, లెక్క సరిపోయింది. పెళ్లి వయసు, చదువు, కొడుకు కోసం ఒత్తిడి, ఇంట్లో ఆమె మాటకు విలువ, ఇవి లెక్కలో లేవు కాబట్టి కదలకపోయినా ఎవరికీ పట్టలేదు. నా దృష్టిలో ఆంధ్ర అద్భుతంలోని లోపం ఇదే. చదువు అవసరం లేకుండా సాధించామన్నది గొప్ప కాదు. చదువు పెట్టకుండా తప్పించుకోవడానికి ఆపరేషన్ దారి చూపిందని కూడా అనుకోవచ్చు.

అయితే పద్ధతులు పెంచితే చాలునా? దానికీ మన చరిత్రలోనే జవాబుంది. 1985 ప్రాంతంలో హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరు ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే ఇంజెక్షన్ ప్రయోగాత్మకంగా ఇవ్వబోయారు. అది ప్రయోగమని, దుష్ఫలితాలుండవచ్చని వచ్చిన ఆడవాళ్లకు చెప్పలేదు. స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం కార్యకర్తలు వెళ్లి ఆ సంగతి విడమరచి చెబితే చాలామంది వద్దని లేచిపోయారు. తర్వాత ఆ సంస్థ మరికొందరితో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లింది. పాత మనసుతో ఇచ్చే కొత్త మందు ఇంకో లూపు అవుతుంది, అంతే. చెప్పి, విని, మళ్లీ వస్తే చూసే ఓపిక ఉంటేనే అది ఎంపిక. పేద దేశానికి అంత తాహతు ఎక్కడిదంటారు కొందరు. మనకన్నా పేద దేశంగా మొదలైన బంగ్లాదేశ్‌లో, మత్లబ్ ప్రాంతంలో 1977 నుంచి ఆడ కార్యకర్తలు రెండు వారాలకోసారి ఇల్లిల్లూ తిరిగి మాత్రలు, ఇంజెక్షన్, లూపు ఏది కావాలంటే అది ఇచ్చి, ఇబ్బంది వస్తే మార్చారు. పక్క ఊళ్లకన్నా అక్కడ కాన్పులు బాగా తగ్గాయి. బంగ్లాదేశ్ కూడా 1980ల్లో చీరలూ లుంగీలూ ఇచ్చి ఆపరేషన్లు చేయించిన దేశమే, పుణ్యదేశమేమీ కాదు. అయినా దాని జననాల రేటు తగ్గింది ప్రధానంగా వెనక్కి తీసుకోగల పద్ధతులతో. పేదరికం అడ్డు కాదని చూపడానికి ఆ ఉదాహరణ చాలు.

మన రాష్ట్రం మాత్రం 1994 పంచాయతీరాజ్ చట్టంలో, ప్రోత్సాహకాన్ని దాటి శిక్ష దాకా, ఇంకో మెట్టు ఎక్కింది. చట్టం వచ్చిన ఏడాది తర్వాత మూడో బిడ్డ పుడితే సర్పంచి, వార్డు సభ్యుడి పోటీకి అనర్హత. ఎమ్మెల్యేలకూ ఎంపీలకూ ఈ నిబంధన లేదు. పిల్లల సంఖ్య గ్రామ స్థాయిలోనే ప్రమాదకరం కాబోలు. దళితులూ వెనుకబడినవాళ్లూ ఆడవాళ్లూ రిజర్వేషన్లతో మొదటిసారి పంచాయతీ గడప తొక్కుతున్న కాలంలోనే ఈ చట్టం వచ్చిందని గుర్తుపెట్టుకోవాలి. ఆంధ్రప్రదేశ్ సహా ఐదు రాష్ట్రాల్లో దీని ఫలితాలను పరిశీలించిన నిర్మలా బుచ్, భార్యలను వదిలేయడం, పిల్లల్ని దత్తత పేరుతో తప్పించడం, ఆడపిండాలను తీయించడం కనబడ్డాయని రాశారు. దెబ్బ ఎక్కువగా తగిలింది బలహీన వర్గాలకే. ఎప్పుడు కనాలి, ఎందరిని కనాలి అన్నది ఆడది ఒంటరిగా తేల్చుకోలేని సమాజంలో, శిక్ష మాత్రం ఆమె పదవికి పడింది. అయినా 2003లో జావేద్ కేసులో సుప్రీంకోర్టు హర్యానాలోని ఇలాంటి చట్టాన్నే సమర్థించింది.

ఇప్పుడు గాలి ఎదురు తిరిగింది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ ఇద్దరు పిల్లల నిబంధనను ఎత్తేసింది. తెలంగాణ మంత్రివర్గం కూడా 2025లో అదే నిర్ణయానికి వచ్చింది. ఎత్తేయడం మంచిదే. కారణం మాత్రం అన్యాయమని తెలిసి కాదు, జనం తగ్గుతున్నారని. అంతకు నెల ముందే ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లే స్థానిక ఎన్నికల్లో పోటీ చేసేలా చట్టం తెద్దామనుకుంటున్నానన్నారు. 2025 మార్చిలో ఒక ఎంపీ, మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే 50 వేల రూపాయలు, మగపిల్లాడైతే ఆవు ఇస్తానని ప్రకటించారు. దీని వెనక ముసలివాళ్లు పెరిగిపోతున్నారన్న నిజమైన చింత ఉంది. లోక్‌సభ స్థానాల పునర్విభజన భయం కూడా ఉంది. జనాభా తగ్గించిన రాష్ట్రాలు సీట్లు పోగొట్టుకోకూడదని 1976లో వేసిన తాళం 2026 తర్వాత తీయాల్సి ఉంది. దక్షిణాదికి అన్యాయం జరగకూడదన్న వాదనలో న్యాయముంది. దాన్ని పార్లమెంటులో, ఆర్థిక సంఘం ముందు వాదించుకోవాలి. ఒక కాన్పుకు ఆవు అనే బేరంతో కాదు. 150 రూపాయలిచ్చి ఆపమన్న ప్రభుత్వమూ, 50 వేలిస్తాం కనమన్న నాయకుడూ ఒకే కొలమానం వాడుతున్నారు. లెక్క తక్కువైతే ఆమె గర్భం తెరుచుకోవాలి, ఎక్కువైతే మూసుకోవాలి.

కాబట్టి కొత్త జనాభా విధానం రాసే అధికారులను పాఠకులు అడగవలసినవి మూడు. పద్దెనిమిది లోపు పెళ్లిళ్లు ఎన్ని ఆపారు? రెండో కాన్పు అయిన ఇరవై రెండేళ్ల అమ్మాయి ఆరోగ్య కేంద్రానికి వస్తే, ఆపరేషన్ కాక ఇంకేం చూపించారు, ఏ భాషలో ఎంతసేపు చెప్పారు? ఆమె భర్తను వేసెక్టమీకి ఎప్పుడైనా పిలిచారా? మూడో బిడ్డకు పారితోషికం ప్రకటించేముందు ఈ మూడింటికీ జిల్లాల వారీగా జవాబు ప్రచురించమని అడగండి. అంతవరకు ప్రోత్సాహక ప్రకటనలను, పిల్లలు తగ్గించమన్నా పెంచమన్నా, ఓటరుగా ఒప్పుకోకండి.